యూరోపా మంచు, ఒక రాగి గాస్కెట్: ల్యాబులో గ్రహాలు చదివేవాళ్ళ తొలి ఉద్యోగాలు

మన కాలేజీలో ‘స్పేస్’ అనగానే ఎవరికైనా రెండే గుర్తొస్తాయి: రాకెట్, టెలిస్కోప్. రాకెట్ అంటే మెకానికల్ వాళ్ళు తలెత్తుతారు, టెలిస్కోప్ అంటే ఫిజిక్స్ మీద ప్రేమ చావనివాళ్ళు తలెత్తుతారు. ఇంకొకటి కూడా ఉంది. కిటికీలు లేని గదిలో, పంపుల హోరు మధ్య, అల్యూమినియం ఫాయిల్ చుట్టిన ఒక స్టీలు డబ్బా. దాని లోపల బృహస్పతి చందమామ మీది మంచునో, శని చందమామ మీది పొగమంచునో తయారుచేసి కొలుస్తారు. దీన్ని లాబొరేటరీ ప్లానెటరీ సైన్స్ అంటారు. ఈ పని ఏమిటో, ఇందులో మొదటి మెట్టు మీద ఉండే ఉద్యోగాలు ఎలా ఉంటాయో ఈ వ్యాసంలో చెప్తాను. ఫైనలియర్‌లో ఉన్నాను, నాకూ ఇది తేల్చుకోవాల్సిన విషయమే కాబట్టి కాస్త స్వార్థంతోనే చదివాను.

అసలు ల్యాబు ఎందుకు? ఒక ఉదాహరణ చూద్దాం. 2023 సెప్టెంబరులో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పరిశీలనల ఆధారంగా యూరోపా మీద రెండు పేపర్లు వచ్చాయి. తారా రీజియో అనే ప్రాంతంలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉందని, అది బహుశా మంచు కింది సముద్రం నుంచి పైకి వచ్చి ఉంటుందని వాటి సారాంశం. వాటిలో ఒకదాని మొదటి రచయిత సమంతా ట్రంబో అప్పటికి కార్నెల్‌లో పోస్ట్‌డాక్. టెలిస్కోప్ చూసింది మాత్రం ఇన్‌ఫ్రారెడ్ వెలుతురులో రెండు చిన్న పల్లాలే: ఒకటి 4.25 మైక్రాన్ల దగ్గర, ఇంకొకటి 4.27 దగ్గర. వీటిలో 4.27 అచ్చమైన కార్బన్ డయాక్సైడ్ మంచుకి సరిపోతుంది. 4.25 అయితే వేరే పదార్థంలో కలిసి, ఇరుక్కుని ఉన్న కార్బన్ డయాక్సైడ్‌కి సూచన. ఈ మాట అంత ధైర్యంగా చెప్పాలంటే, ఎవరో ఒకరు ఇక్కడ భూమ్మీద ఆ మంచుని చేసి, ఆ చలిలో ఉంచి, ఆ గీత ఎక్కడ పడుతుందో ముందే కొలిచి ఉండాలి. టెలిస్కోప్ వేలిముద్ర తెస్తుంది. దాన్ని పోల్చుకోవడానికి కావలసిన రిజిస్టరు ల్యాబులో తయారవుతుంది.

ఇప్పుడు ఆ స్టీలు డబ్బా లోపలికి వెళ్దాం. మన సిలబస్‌కి బాగా దగ్గరగా ఉండేది ఇదే కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

డబ్బా మధ్యలో హీలియంతో నడిచే క్రయోస్టాట్ చివర చిన్న కిటికీ లాంటి పలక ఉంటుంది. దాన్ని 10 కెల్విన్ దాకా, అంటే సుమారు మైనస్ 263 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. సన్నటి గొట్టంలోంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వదిలితే పలక మీద మైక్రాన్ మందాన మంచు పడుతుంది. దాని మీద ఎలక్ట్రాన్లు కొడతారు. యూరోపా మీద బృహస్పతి రేడియేషన్ చేసే పని ఇదే. నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిసిన మంచు మీద ఇలా చేస్తే కార్బానిక్ ఆసిడ్ పుడుతుంది. ఒకపక్క ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రోమీటర్ దీన్ని చూస్తుంటుంది. తర్వాత పలకని మెల్లగా వేడి చేస్తే, ఏ ఉష్ణోగ్రత దగ్గర ఏ అణువు లేచిపోతుందో మాస్ స్పెక్ట్రోమీటర్ చెప్తుంది.

వినడానికి బానే ఉంది. కష్టమంతా శూన్యంతోనే. ఒత్తిడి మిల్లీబార్‌లో పది లక్షల వంతు ఉంటే ‘అబ్బో, మంచి వాక్యూమ్’ అనిపిస్తుంది కదా? ఆ ఒత్తిడి దగ్గర, మిగిలిపోయిన గాలి అణువులే కొద్ది సెకన్లలో మీ చల్లటి పలక మీద ఒక పూర్తి పొర పరిచేస్తాయి. మీరు కొలుస్తున్నది మీ మంచునా, ల్యాబు గదిలోని తేమనా అన్నది తేలదు. ఒత్తిడిని ఇంకో పదివేల రెట్లు తగ్గిస్తే అదే పొర పడటానికి గంటలు పడుతుంది, అప్పుడు ప్రయోగం చేసుకోవచ్చు. అంటే బయటి గాలి ఒత్తిడిలో పది లక్షల కోట్ల వంతు. అందుకోసం రోటరీ లేదా స్క్రోల్ పంపు వెనక ఉండగా టర్బో పంపు నడుస్తుంది. డబ్బాకి హీటింగ్ టేపు చుట్టి, పైన ఫాయిల్ కప్పి, వంద డిగ్రీలు దాటించి రోజుల తరబడి కాలుస్తారు, గోడలకి అంటుకున్న నీరు వదలాలి కాబట్టి. జాయింట్ల మధ్య రాగి గాస్కెట్ ఉంటుంది. ఫ్లాంజ్ అంచు దాన్ని కోసుకుంటూ దిగి సీల్ వేస్తుంది, అందుకే ఒకసారి విప్పితే ఆ గాస్కెట్ మళ్ళీ పనికిరాదు. గ్లవ్స్ లేకుండా లోపలి భాగం ముట్టుకుంటే మీ వేలి నూనె వారాల పాటు స్పెక్ట్రంలో పలకరిస్తుంది.

మా డిపార్ట్‌మెంట్‌లోనే చదివి ఇప్పుడు ఇలాంటి ల్యాబులో జేఆర్‌ఎఫ్‌గా ఉన్న సీనియర్ అక్కకి ఫోన్ చేసి, రోజంతా ఏం చేస్తావక్కా అని అడిగాను. “చెల్లీ, మొదటి ఆర్నెల్లు నేను గ్రహాల్ని చూళ్ళేదు, లీకుల్ని చూశాను,” అంది. లీకు పట్టుకోవడం ఎలాగంటే, బయట ఒక్కో జాయింట్ దగ్గర హీలియం కొద్దిగా వదులుతూ, లోపల మాస్ స్పెక్ట్రోమీటర్‌లో 4 అంకె దగ్గర గీత లేస్తుందా అని చూడాలి. ఎక్కడ లేస్తే అక్కడ కన్నం. ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసినవాళ్ళు అణువుల సంగతి తనకంటే బాగా చెప్తారని, నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలని మాత్రం తనే వాళ్ళకి చెప్పాల్సొచ్చిందని కూడా అంది. మన వర్క్‌షాప్ క్లాసులని మనం ఎంత తిట్టుకున్నామో గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అన్ని ల్యాబులూ మంచు చేయవు. కొన్ని రాళ్ళు చదువుతాయి. 1972లో అపోలో 17 తెచ్చిన అగ్నిపర్వత గాజు పూసల సంగతి తీసుకోండి. వాటి లోపలి స్ఫటికాల్లో శిలాద్రవం చిన్న చిన్న బుడగల్లా బంధించబడి ఉంటే, బయటికి ఆవిరైపోని నీరు అందులో దొరుకుతుంది. బ్రౌన్ యూనివర్సిటీలో అలాంటి రేణువుల కోసం మైక్రోస్కోపు కింద ఓపికగా వెతికి పట్టుకున్నది థామస్ వైన్‌రైక్ అనే అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థి. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్లో అతని పేరు రెండోది. చంద్రుడి లోపలి నీరు అంతకుముందు అనుకున్నదానికి సుమారు వంద రెట్లు ఉండొచ్చని ఆ కొలతలు చూపించాయి. మన వయసువాడే, గమనించండి.

మన దేశంలో దీనికి పెద్ద చిరునామా అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ, అంటే పీఆర్‌ఎల్. చంద్రయాన్-3 రోవర్ మీద ఉన్న ఏపీఎక్స్‌ఎస్ పరికరం వాళ్ళదే. అది 23 చోట్ల చంద్రుడి మట్టిని కొలిచి, అక్కడ అనార్థోసైట్ జాతి రాయి ఉందని చెప్పింది. ఆ ఫలితం 2024లో నేచర్‌లో వచ్చింది. అలాంటి పరికరం పైకి వెళ్ళేముందు, కూర్పు తెలిసిన రాళ్ళ మీద దాన్ని పరీక్షించి సరిచూస్తారు. చంద్రయాన్-2 పరీక్షల కోసం ఇస్రో వాళ్ళు తమిళనాడు సిత్తంపూండి ప్రాంతపు అనార్థోసైట్‌ని పొడి కొట్టి టన్నుల కొద్దీ ‘చంద్రుడి మట్టి’ చేసుకున్నారు. మనకి దగ్గర్లో అయితే హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐలో రాళ్ళ రసాయనం చదివే మాస్ స్పెక్ట్రోమీటర్లున్నాయి. అక్కడ చదివేది ఎక్కువగా భూమి రాళ్ళే అయినా, చేతికొచ్చే పని ఒకటే.

ఇంకో ముచ్చట. టైటన్ మీది నారింజరంగు పొగమంచుకి ల్యాబులో చేసిన నకలుని ‘థోలిన్’ అంటారు. బురద, మసక అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి 1979లో ఈ పేరు పెట్టింది కార్ల్ సాగన్, బిషున్ ఖరే. సాగన్ అందరికీ తెలుసు. బనారస్ హిందూ యూనివర్సిటీలో చదివి కార్నెల్ ల్యాబులో ఆ పదార్థాన్ని ఏళ్ళ తరబడి వండిన ఖరే పేరు మనలో ఎంతమంది విన్నాం?

సరే, ఉద్యోగాల సంగతి. మొదటి మెట్టు సమ్మర్ ఇంటర్న్‌షిప్. పీఆర్‌ఎల్ లాంటి సంస్థలే కాక ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళ సమ్మర్ ఫెలోషిప్ కూడా ఉంది. తర్వాత ప్రాజెక్ట్ అసోసియేట్: ఒక ప్రాజెక్టు డబ్బుతో, ఆ ప్రాజెక్టు ఉన్నంతకాలం. ఆ తర్వాత జేఆర్‌ఎఫ్: పీహెచ్‌డీ దారిలో రెండేళ్ళు, ఆపైన ఎస్‌ఆర్‌ఎఫ్‌గా మూడేళ్ళు. 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం జేఆర్‌ఎఫ్‌కి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్‌కి 42,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ వేరు. మనవాళ్ళు చాలామంది ‘అది ఎమ్మెస్సీ వాళ్ళకి’ అనుకుని వదిలేస్తారు. కానీ డీఎస్‌టీ నిబంధనల్లో నెట్, గేట్ లాంటి జాతీయ పరీక్షతో ఎంపికైన ప్రొఫెషనల్ కోర్సు డిగ్రీవాళ్ళకీ చోటుంది, అంటే బీటెక్ ప్లస్ గేట్. ఐఐటీ కాన్పూర్‌లో స్పేస్, ప్లానెటరీ సైన్సెస్‌కి ప్రత్యేకంగా ఒక డిపార్ట్‌మెంటే ఉంది.

బయటి దేశాల విషయం త్వరగా చెప్పేస్తాను. అమెరికా యూనివర్సిటీల్లో బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి వెళ్ళొచ్చు. జర్మనీలో గోటింగెన్ మాక్స్ ప్లాంక్ వాళ్ళ సోలార్ సిస్టమ్ స్కూల్ లాంటివాటికి మాస్టర్స్ కావాలి. అమెరికాలో అంతరిక్ష పరికరాలు కట్టే కంపెనీ ఉద్యోగాలు ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల చాలావరకు అక్కడి పౌరులకీ గ్రీన్‌కార్డు వాళ్ళకీ పరిమితం. యూనివర్సిటీ ల్యాబుల్లో ఆ అడ్డు తక్కువ.

ఈ ప్రకటనల్ని చదవడంలోనే అసలు కిటుకుంది. ‘ఎసెన్షియల్’ అన్న చోట ఉండేది జల్లెడ, అది లేకపోతే అప్లికేషన్ పక్కకి వెళ్ళిపోతుంది. ‘డిజైరబుల్’ అన్న చోట ఉండేది మీరు చేరిన మొదటి సోమవారం నుంచి చేసే పని. అక్కడ ‘వాక్యూమ్, క్రయోజెనిక్స్, పైథాన్’ అని ఉంటే మీరు డబ్బా కడతారు. ‘స్పెక్ట్రల్ డేటా అనాలిసిస్’ అని ఉంటే డబ్బా ఎవరో కట్టేశారు. ‘కో-టెర్మినస్’ అన్న మాట కనబడితే ప్రాజెక్టుతో పాటే జీతమూ ముగుస్తుందని అర్థం. ఇంటర్వ్యూలో మర్యాదగా అడగాల్సిన ప్రశ్న నా లెక్కలో ఒక్కటే: సర్, ఛాంబర్ ఇప్పుడు పనిచేస్తోందా, ఇంకా కొనాలా? అయిదేళ్ళ పీహెచ్‌డీలో ఛాంబర్ సొంతంగా కట్టడం మంచి చదువు. రెండేళ్ళ పోస్ట్‌డాక్‌లో అదే పని పడితే టెండర్లు, కస్టమ్స్, లీకులు దాటేసరికి కాంట్రాక్టు అయిపోతుంది, పేపరుండదు. ఒకే రకం ల్యాబు, ఒకే రకం ప్రకటన, కానీ ఎవరు ఏ వయసులో చేరుతున్నారన్నదాన్ని బట్టి ఫలితం తిరగబడుతుంది.

ఈ కాలం లెక్క కొత్తదేం కాదు. స్టాన్లీ మిల్లర్ చికాగోలో పీహెచ్‌డీ మొదలుపెట్టి ఎడ్వర్డ్ టెల్లర్ దగ్గర ఒక థియరీ సమస్య మీద పనిచేస్తుంటే, టెల్లర్ ఊరు వదిలి కాలిఫోర్నియా వెళ్ళిపోయాడు. గైడ్ లేని మిల్లర్ హెరాల్డ్ యూరీ దగ్గరికి వెళ్ళి, తొలినాటి భూమి వాతావరణాన్ని ఫ్లాస్కులో పెట్టి కరెంటు మెరుపులు కొడతానన్నాడు. యూరీ ముందు వద్దన్నాడు, ఉల్కల్లో థాలియం కొలవమన్నాడు. చివరికి ఒప్పుకున్నా ఆర్నెల్ల నుంచి ఏడాది దాకానే గడువిచ్చాడు. కొద్ది వారాల్లోనే అమైనో ఆమ్లాలు దొరికాయి. 1953 మేలో పేపరొచ్చేనాటికి మిల్లర్‌కి 23 ఏళ్ళు. తన పేరుంటే కుర్రాడికి గుర్తింపు రాదని నోబెల్ గ్రహీత యూరీ తన పేరు తీయించేశాడు. మిల్లర్ చనిపోయాక, లేబుళ్ళు రాసి దాచిన ఆయన పాత సీసాల్ని మళ్ళీ పరీక్షిస్తే ఒక ప్రయోగంలో 22 అమైనో ఆమ్లాలు తేలాయి. 2008లో వచ్చిన ఆ పేపరు మొదటి రచయిత ఆడమ్ జాన్సన్ కూడా విద్యార్థే. ల్యాబ్ రికార్డు రాయడానికి బద్ధకించే మన బ్యాచ్‌కి ఈ సీసాల కథ చెప్పాలనిపించింది, అంతే.

ఇక నా సంగతి. చేతిలో క్యాంపస్ ఆఫర్ ఉంది. జూలైలో జాయినింగ్. గేట్ స్కోరు కూడా ఉంది. విషయమంతా నాన్నకి బొమ్మ గీసి మరీ చెప్పాను. మొత్తం విని, “ఏమ్మా, ఆ అయిదేళ్ళయ్యాక పర్మనెంటేనా?” అన్నారు. కాదు నాన్నా అన్నాను. తర్వాత పోస్ట్‌డాక్ రెండేళ్ళు, ఇంకోటి రెండేళ్ళు, ఆపైన సైంటిస్టు పోస్టులు చాలా కొద్ది. “మరి తిండికి?” అన్నారు. దీనికి మాత్రం నా దగ్గర జవాబుంది: వాక్యూమ్, క్రయోజెనిక్స్, మాస్ స్పెక్ట్రోమెట్రీ చేతికొచ్చినవాళ్ళు సెమీకండక్టర్ ఫ్యాక్టరీలకీ, మందుల కంపెనీలకీ, ఉపగ్రహ పరీక్షా కేంద్రాలకీ కావాలి. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. “ఆఫర్ లెటర్ మాత్రం ఇప్పుడే వదులుకోకు,” అన్నారు. అది న్యాయమైన మాటే అనిపించింది. ఇంట్లో అప్పు ఉన్నవాళ్ళు రెండేళ్ళు ఉద్యోగం చేసి తర్వాత వెళ్ళినా తప్పేం లేదు. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది.

థర్డియర్ వాళ్ళు ఇప్పట్నుంచే చేయగలిగింది కొంత ఉంది. యూఎస్‌జీఎస్ స్పెక్ట్రల్ లైబ్రరీ ఉచితం. అందులోంచి ఆలివిన్, అనార్థైట్ స్పెక్ట్రాలు దించుకుని పైథాన్‌లో గీసి, బేస్‌లైన్ తీసేసి, పల్లాలు ఎక్కడున్నాయో కొలవండి. చంద్రయాన్ డేటా ఇస్రో వాళ్ళ ప్రదాన్ పోర్టల్‌లో రిజిస్టరైతే దొరుకుతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మినీ ప్రాజెక్టు అయిపోతుంది. ఎన్‌పీటీఈఎల్‌లో క్రయోజెనిక్ ఇంజినీరింగ్ కోర్సుంది. మన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఒక థిన్ ఫిల్మ్ కోటింగ్ యూనిట్ గుడ్డ కప్పుకుని కూర్చుంది. ల్యాబ్ అసిస్టెంట్ గారిని అడిగితే శనివారం మధ్యాహ్నాలు తాళం తీస్తామన్నారు. రోటరీ పంపు తిరుగుతోంది కానీ గేజ్ ఒక అంకె దగ్గర ఆగిపోయి కిందికి దిగట్లేదు. ఎక్కడో లీకుంది. వచ్చే శనివారం రెండింటికి వెళ్తున్నాం, ఆసక్తి ఉన్నవాళ్ళు గ్లవ్స్ తెచ్చుకోండి.