ఎనిమిది గంటల్లో అరకు – ఒక సైకిలు లెక్క

నిరుడు సంక్రాంతి సెలవులయ్యి హాస్టలుకు వచ్చినప్పుడు మీరంతా నా చుట్టూ చేరి "వైజాగు నుంచి అరకు సైకిలు మీద ఎన్ని గంటల్లో వచ్చావు?" అని అడిగారు. దారిలో చైను తెగిపోయింది, అందుకే జీపు ఎక్కవలసి వచ్చింది అని చెప్పాను. చైను తెగలేదు. టైడా దాటాక నా కాళ్లే ఆగిపోయాయి. కూరగాయలు దించేసి వస్తున్న జీపులో ఖాళీ గంపల మధ్య పడుకుని ఇంటికి చేరాను. వార్డెన్ గారికి కూడా చైను అనే చెప్పాను, ఆయన నన్ను క్షమించాలి.

ఈ సంవత్సరం మళ్లీ తొక్కాను. ఆ సంగతీ, అందులో నేను నేర్చుకున్న లెక్కలూ ఈ సంచికలో వ్రాస్తున్నాను. తప్పులుంటే లెక్కల మాస్టారు గోడ మీదే ఎర్ర ఇంకుతో దిద్దవచ్చు.

మా మామ గాజువాకలో ఉంటాడు. పోర్టుకు వచ్చే లారీల దగ్గర పని. ఆయన ఒక పాత గేర్ల సైకిలు కొన్నాడు. లావు టైర్లది, కొండ సైకిలు అంటారు. ఆదివారాలు దాని మీద తిరిగి తిరిగి చివరకు 'బ్రెవే' అనే దానిలో చేరాడు. బ్రెవే పందెం కాదు. ఫస్టు, సెకండు ఉండవు. 200 కిలోమీటర్లు 13 గంటల 30 నిమిషాల్లో తొక్కాలి. 300 కి 20 గంటలు, 400 కి 27, 600 కి 40. మధ్యలో చెప్పిన చోట్ల ఆగి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. గడువు దాటితే ఎంత తొక్కినా లెక్కలోకి రాదు. నాకింకా పదిహేనేళ్లే కాబట్టి అందులో చేర్చుకోరు.

ఈ నియమాలు ఫ్రాన్సు దేశం నుంచి వచ్చాయి. అక్కడ పారిస్ నుంచి బ్రెస్ట్ అనే ఊరికి వెళ్లి తిరిగి పారిస్ రావాలి, 1,200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు. ఇది మొదట 1891లో పందెంగా జరిగింది. అప్పుడు గెలిచిన షార్ల్ తెరాం అనే ఆయనకు 71 గంటల 22 నిమిషాలు పట్టింది. అప్పటి సైకిళ్లకు గేర్లు మార్చే మరలు ఎక్కడివి! ఇప్పుడు నాలుగేళ్లకొకసారి జరుగుతుంది, 2023లో కూడా జరిగింది.

మామ చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది మాత్రం లెడ్‌విల్. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో కొండల మీద గనుల ఊరు అది. సముద్రమట్టానికి 3,000 మీటర్ల కన్నా ఎత్తు. అక్కడ 1994 నుంచి 100 మైళ్ల, అంటే 160 కిలోమీటర్ల కొండ సైకిలు పందెం పెడుతున్నారు. 12 గంటల లోపల వస్తే బెల్టుకు పెట్టుకునే బిళ్ళ ఇస్తారు. 9 గంటల లోపల వస్తే ఇంకా పెద్ద బిళ్ళ. ముందు వెళ్లేవాడిని పట్టుకోలేమని తెలిసినవాళ్లు కూడా ఆ తొమ్మిది గంటలను పట్టుకోవడానికి వస్తారు.

అది విని నేనూ ఒక గడువు పెట్టుకున్నాను. పోర్టు దగ్గర కాన్వెంటు జంక్షన్ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎనిమిది గంటలు. బిళ్ళ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. మీకు చెప్పుకోవాలని, అంతే.

నిరుడు చేసిన తప్పు ఇది. గోపాలపట్నం, పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట దాకా సుమారు 50 కిలోమీటర్లు దాదాపు చదునే. గంటకు 20 చొప్పున పోతే రెండున్నర గంటలు. నేను గంటకు 24 చొప్పున కొట్టాను. 2 గంటల 5 నిమిషాల్లో ఎస్.కోటలో ఉన్నాను. 25 నిమిషాలు మిగిలాయని ఎంత సంబరమో! ఒక టీ, రెండు బిస్కట్లు, మళ్లీ ఎక్కేశాను. మామ వెనక నుంచి "ఒరే అల్లుడా, ఆగరా, తిని ఎల్దాం" అని అరిచినా వినలేదు.

గాలి అడ్డు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 20 నుంచి 24 అంటే వేగం 1.2 రెట్లు, గాలి అడ్డు 1.44 రెట్లు. ఒంట్లోని బలమంతా గాలికి ఇచ్చేసి ఖాళీ కడుపుతో కొండ ఎక్కబోయానన్నమాట.

ఇంకో తప్పు సగటు వేగంలో ఉంది. ఇది మనలో చాలామంది పరీక్షలో కూడా చేస్తారు. ఘాటు ఎక్కేటప్పుడు గంటకు 8, దిగేటప్పుడు గంటకు 40 అయితే సగటు 24 అనుకుంటాం. కాదు. 20 కిలోమీటర్లు ఎక్కడానికి రెండున్నర గంటలు, అదే 20 దిగడానికి అరగంట. మొత్తం 40 కిలోమీటర్లకు 3 గంటలు. సగటు 13.3 మాత్రమే. ఎక్కడంలో పోయిన గంటలు దిగడంలో తిరిగి రావు. ఎంత వేగంగా దిగినా ఆదా అయ్యేది ఆ అరగంటలోంచే కదా.

ఇక తిండి. నేను 46 కిలోలు, సైకిలు 15, సంచి 4, మొత్తం 65 కిలోలు. పోర్టు సముద్రం పక్కనే. మన శిమిలిగూడ స్టేషను ఎత్తు 996 మీటర్లు, ఒక్క వెయ్యి మీటర్లు అనుకుందాం. పని = బరువు × ఎత్తు. 65 × 9.8 × 1000 = 6,37,000 జౌళ్లు, అంటే సుమారు 152 కిలో కాలరీలు. ఇంతేనా అనుకోవద్దు. మనం తిన్నదానిలో నాలుగో వంతే పనికి వస్తుంది, మిగిలింది వేడిగా పోతుంది. కాబట్టి ఎత్తు ఎక్కడానికే 600 కిలో కాలరీలు కావాలి, చదును దారికి అయ్యేది వేరే. రెండు బిస్కట్లతో నేను ఎక్కుదామనుకున్నది ఇదీ!

ఈసారి అమ్మ ఇచ్చిన చోడిపిండితో మామ ఇంట్లో అంబలి కాచుకుని ఒక సీసాలో పోసుకున్నాను. అరటిపళ్లు, బెల్లం, వేరుశనగ ఉండలు సంచిలో ఉన్నాయి. ఇంకో సీసాలో లీటరు నీళ్లకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అన్నీ చిన్న చెంచాతో తలకొట్టి కొలిచినవి. విరేచనాలప్పుడు నర్సమ్మ చెప్పే కొలతే అది. అరగంటకొకసారి ఆకలి ఉన్నా లేకపోయినా తినాలని మామ షరతు.

గేర్లు కూడా చెప్పాలి. మామ సైకిలుకు ముందు పెద్ద పళ్లచక్రానికి 42 పళ్లు, చిన్నదానికి 22. వెనుక చిన్నది 14, పెద్దది 28. నేనే లెక్కపెట్టాను. 42ని 14తో భాగిస్తే 3. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం మూడు చుట్లు, సుమారు ఆరు మీటర్లు పోతుంది. 22ని 28తో భాగిస్తే ఒకటి కన్నా తక్కువ, మీటరున్నర కొంచెం పైన. కొద్ది దూరమే పోతుంది గాని కాలికి బరువు తెలియదు. నిరుడు పౌరుషానికి పోయి ఘాటులో చిన్న చక్రం వాడలేదు.

ఈసారి జనవరిలో ఉదయం 5 గంటలకు లైట్లు పెట్టుకుని బయలుదేరాం. ఎస్.కోటకు 7:35. నిరుటి కన్నా అరగంట ఆలస్యం, నాకు మనసులో గుబులే. పావుగంట కూర్చుని ఇడ్లీ తిన్నాం. బొడ్డవర దాటాక కొండ మొదలైంది. బైలడిల్లా నుంచి ఇనుప రాయి వేసుకుని పోర్టుకు పోయే గూడ్సు దూరంగా దిగుతోంది, మేం ఎక్కుతున్నాం. 1960లలో ఈ లైను వేసింది ఆ రాయిని జపానుకు పంపడానికేనట. డబ్బాలు లెక్కపెట్టబోయి మలుపులో మరిచిపోయాను.

టైడా దగ్గర నిరుడు పడిపోయిన మలుపు వచ్చింది. మామ పక్కకు వచ్చి "ఏటిరా, కాళ్లున్నాయా?" అన్నాడు. ఉన్నాయి. అంబలి తాగి చిన్న చక్రంలోనే పోయాను. కారులో పిల్లలు చెయ్యి ఊపారు. అనంతగిరి దాటి గాలికొండ చేరేసరికి 12:20. గడువుకు 40 నిమిషాలు ఉంది.

దిగువలో గట్టిగా కొడితే అందుతుందనిపించింది. కాని మంచు పట్టి రోడ్డు తడిగా ఉంది, పండగ కార్లు ఎదురొస్తున్నాయి, వెనుక బ్రేకు రబ్బరు అరిగి కీచుమంటోంది. మామ ఏమీ అనలేదు, నా ముఖం చూశాడు. నేను మలుపు మలుపుకూ ఆగుతూ దిగాను, రెండు చోట్ల నడిపించాను. సుంకరమెట్టలో ఒంటిగంట అయిపోయింది. అరకులో ఆగినప్పుడు టైము 1:14.

అంటే 8 గంటల 14 నిమిషాలు. లెడ్‌విల్ వాళ్లైతే పెద్ద బిళ్ళ ఇవ్వరు. మామ మాత్రం నా నోటుపుస్తకంలో టైము వ్రాసి, బ్రెవే కార్డు మీద వేసినట్టు తన బొటనవేలితో గ్రీజు ముద్ర వేశాడు. చూడాలనుకున్నవాళ్లు మూడో డార్మెటరీకి రండి.

తొమ్మిది, పదో తరగతుల వారికి ఒక ప్రశ్న: ఎస్.కోటకు నేను 7:35కి కాక 7:30కే చేరి, ఇడ్లీకి పది నిమిషాలే ఆగి, మిగతా దారి అలాగే తొక్కి ఉంటే అరకు ఎన్ని గంటలకు చేరేవాడిని? ఎనిమిది గంటలకు ఇంకా ఎన్ని నిమిషాలు తక్కువ పడతాయి? జవాబులు శనివారం లోపల పత్రిక డబ్బాలో వేయండి.