బాంబూఫ్లాట్ తీరమున రజ్జుసర్పము

మసకచీకటిలో త్రోవన పడియున్న త్రాటిని పామని భ్రమించుట వేదాంతమున ప్రసిద్ధమైన దృష్టాంతము. ఒక వస్తువునందు దానికి లేని గుణము నారోపించుట అధ్యాస. ఈ దృష్టాంతమును ఆత్మవిచారమునకే పరిమితము చేయ నక్కరలేదు. ఒక జాతి వేరొక జాతిని చూచునపుడును ఇట్టి భ్రాంతియే కలుగుచుండును. దోషము త్రాటియందు లేదు, చూచువాని దృష్టియందున్నది. అయినను కర్రదెబ్బలు పడునది మాత్రము త్రాటిమీదనే.

భారతీయులకు ఈ యనుభవము క్రొత్తది కాదు. 1893లో చికాగో సర్వమత మహాసభ కేగిన వివేకానందస్వామిని, హిందూతల్లులు తమ బిడ్డలను మొసళ్లకు ఆహారముగా వేయుదురా యని అమెరికాలో ప్రశ్నించిరి. 1927లో కాథరిన్ మేయో యను అమెరికా రచయిత్రి ‘మదర్ ఇండియా’ యను గ్రంథమున ఈ దేశపు దురాచారములనే యేరికూర్చి, అదియే భారతదేశమని లోకమునకు చూపెను. మహాత్మాగాంధీ దానిని మురుగుకాలువలను తనిఖీ చేయువాని నివేదికగా వర్ణించెను. అందు చెప్పబడిన దురాచారములు కొన్ని యథార్థములే. అంశమును చూచి అదియే సమస్తమని నిర్ణయించుట అందలి భ్రాంతి.

గ్రంథస్థమైన భ్రాంతి చదువరి మనస్సును కలుషితము చేయును. అదే శాసనమైనచో మనుష్యుల బ్రతుకులే తారుమారగును. ఈ రెండు విధముల భ్రాంతులకును అండమాన్ దీవులు సాక్షులు.

దీవులవారిని గూర్చిన కట్టుకథలు

దక్షిణ అండమానున రేవునకు ఉత్తరపుటొడ్డున బాంబూఫ్లాట్ అను చిన్న పట్టణము గలదు. ఆవలియొడ్డున నున్న పోర్ట్ బ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చిరి. పట్టణమునకు సమీపముననే మౌంట్ హారియట్ కొండ యున్నది. 1891 యుద్ధానంతరము మణిపుర వీరులు అచ్చట నిర్బంధింపబడిన దానికి స్మృతిగా, 2021లో దానిని మౌంట్ మణిపూర్ అని పిలువ నారంభించిరి.

పదమూడవ శతాబ్దాంతమున మార్కో పోలో ఈ దీవులవారు కుక్కతలలు గల నరమాంసభక్షకులని లోకమునకు చెప్పెను. ఆరువందల యేండ్లు గడచినను ఈ యూహ మాసిపోలేదు. 1890లో కానన్ డాయిల్ ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలయందు అండమాన్ వాసిని ఊదుగొట్టముతో విషపుముళ్లు ప్రయోగించు క్రూరునిగా చిత్రించెను. యథార్థమున అండమాన్ ఆదివాసుల ఆయుధము విల్లు. ఊదుగొట్టమును వారెరుగరు. వారు నరమాంసభక్షకులనుటకు నిదర్శనమేదియు దొరకలేదు. వలసవచ్చినవారి వ్యాధులు మాత్రము వారిని హరించినవి. 1877లో వ్యాపించిన తట్టు ఎందరినో బలిగొన్నది. వేలసంఖ్యలో నుండిన గ్రేట్ అండమాన్ తెగలు కొలది పదులకు క్షీణించినవి. ఎవరు ఎవరిని కబళించిరో దీనివలన తెలియగలదు.

పుట్టుకతో నేరస్థులు

1858 మార్చిలో రెండువందల మంది ఖైదీలతో ఇచ్చట శిక్షాస్థావర మేర్పడెను. పాలకుల దృష్టిలో ఇది నేరస్థుల దీవి. పదుమూడేండ్లకు వారి భ్రాంతి ఇంకొక యడుగు ముందునకు సాగెను. 1871లో చేసిన నేరజాతుల చట్టము కొన్ని కులములవారు జన్మతః నేరస్థులని ప్రకటించెను. శిశువు కన్ను తెరువక మునుపే వాని గుణము నిర్ణయమైనది!

ఈ చట్టము క్రిందివారైన భాంటూలను 1926లో సంయుక్త పరగణాల నుండి రక్షణ సైన్య మను క్రైస్తవ సంస్థద్వారా అండమాన్లకు తెచ్చిరి. బాంబూఫ్లాట్ చేరియున్న ఫెరార్‌గంజ్ ప్రాంతమున వారికి నివాసము లేర్పరచిరి. ఆంధ్రదేశమున బాపట్ల సమీపమునందలి స్టువర్టుపురమును ఆ సంస్థ నిర్వహణయందే ఎరుకలకొరకు 1913 ప్రాంతమున వెలసినది. ఎరుకలు పూర్వము పశువులపై ఉప్పును ధాన్యమును మోసికొనిపోయి యమ్ముకొనిన వర్తకులు, బుట్టలల్లిన పనివారు. రైలుమార్గములును ఉప్పుపన్నును వారి వర్తకమును చెరచినవి. జీవనాధారము పోయి సంచరించువానిని చూచి, ఇది వాని రక్తములోని గుణమని చట్టము పలికెను.

ఈ చట్టము 1952 నాటికి దేశమందంతటను రద్దయ్యెను. అంతకంటె బలమైన ఖండనము అండమాన్ సమాజమే. శిక్ష కొంత గడచిన ఖైదీలకు భూమి సాగుచేసికొనుటకును, స్త్రీఖైదీలను వివాహమాడుటకును అనుజ్ఞ నిచ్చుచుండిరి. భిన్నకులములవారు, భిన్నప్రాంతములవారు కలిసి కాపురములు చేసిరి. వారి సంతతి హిందూస్థానీని మాతృభాషగా గైకొని, శాంతముగా వర్ధిల్లినది. భాంటూలును కృషీవలులైరి. నేరము రక్తమున నున్నచో ఈ పరిణామ మెట్లు సాధ్యము? 1922–24 మన్యవిప్లవమున పాల్గొన్న గాం మల్లుదొర ప్రభుత్వ దృష్టికి పితూరీదారుడు. అండమాన్ శిక్ష ననుభవించిన ఆయననే 1952లో ప్రజలు లోక్‌సభకు ఎన్నుకొనిరి.

మన దృష్టి మాటయేమి?

ఇంతవరకు చదివి పాశ్చాత్యులందరును ఇట్టివారేయని తలచినచో, మరల త్రాటిని పామని చూచినట్లే. ఐర్లండున జన్మించిన నివేదిత 1904లో ‘ది వెబ్ ఆఫ్ ఇండియన్ లైఫ్’ గ్రంథమున మన గృహజీవనమును ఎంతో ఆదరముతో వర్ణించినది.

అంతకంటె ముఖ్యమైనది ఆత్మపరీక్ష. చట్టము రద్దయినను స్టువర్టుపురము పేరు తెలుగు చలనచిత్రములందు దొంగతనమునకు పర్యాయపదముగా వాడబడుచునే యున్నది. ఆ యూరి బాలుడు పాఠశాలలో ఊరిపేరు చెప్పుటకు జంకినచో, ఆ జంకునకు కారకుడు ఆంగ్లేయుడు కాడు. 2012లో అండమాన్ జరావా స్త్రీలను ఆహారము చూపి యాత్రికుల యెదుట నాట్యమాడించిన దృశ్యములు బయల్పడినవి. ఆ యాత్రికులలో మనవారు లేరని యెవరనగలరు? 2011 జనాభా లెక్కలలో ఆ దీవులలో నూటికి పదుమూడుగురు తెలుగు మాతృభాషగా గలవారు. కనుక ఆదివాసులు మనకు దూరస్థులు కారు, ఇరుగుపొరుగువారే.

భ్రాంతిసర్పము కర్రతో చావదు. దీపము తెచ్చిన మాత్రమున తొలగును. ఎరుకల నడుమ సేవచేసిన హేమలతా లవణం చేసినదిదియే. మహాకవి జాషువ కుమార్తెయైన ఆమె స్టువర్టుపురమున కేగి, వారితో మాటలాడి, వారిని మనుష్యులుగా ఎరిగినది. గీత పంచమాధ్యాయమున ప్రశంసింపబడిన సమదర్శనము ఇట్టి కార్యములందే పరీక్షింపబడును. ఎవనినైనను వాని కులమును ఊరిని బట్టి తీర్పరింపబోవు క్షణమున సాధకుడు ఆగి, ‘నేను చూచినది ఈ మనుష్యునా, విన్న మాటనా?’ అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఇతరుల చూపువలన గాయపడినవారికి ఈ సాధన విశేషించి కర్తవ్యము.