మెరిసే జనతాను నమ్మొచ్చా?

ప్రశ్న: మాది భద్రాచలం దగ్గరి పల్లె. తాతయ్య కట్టుకున్నటువంటి హెచ్‌ఎంటీ జనతా వాచీ కొనాలని ఉంది. ఖమ్మంలో ఒకరు కొత్తదానిలా మెరుస్తున్న పాత వాచీ చూపించారు. అసలుదేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ మెరుపు మీదే నాకు అనుమానం. జపాన్ వాచీ కంపెనీ సిటిజన్ సహకారంతో హెచ్‌ఎంటీ వాచీల తయారీ 1961లో బెంగళూరులో మొదలైంది. హెచ్‌ఎంటీ వాచెస్ కంపెనీ మూతకు 2016లో కేంద్రం ఆమోదం ఇచ్చేసింది. ఇప్పుడు తళతళలాడే పాత జనతాలు చాలావరకు పాత యంత్రానికి డయల్ రంగేసి, కేసు మార్చినవే.

భూతద్దం పట్టుకెళ్లండి. అసలు డయల్ మీద అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి. మళ్లీ అచ్చేసినదాంట్లో సిరా పాకినట్టుంటుంది, నిమిషాల గీతలు వంకరపోతాయి. వెనక మూత తీయించి, యంత్రం మీద హెచ్‌ఎంటీ పేరు చూడండి. తీయనివ్వకపోతే బేరం వదిలేయండి. మన గోదావరి గాలి తేమకు కీ కాడ దగ్గర తుప్పు పడుతుంది. కీ ఇస్తుంటే గరగరమనకూడదు. అద్దం మీది గీతలంటారా, పాలిష్‌తో పోతాయి.

లోపల తుప్పు కనిపించినా, రోజుకు నాలుగైదు నిమిషాలు తేడా వచ్చినా, డబ్బు ఇవ్వకముందే కీ వాచీలు బాగుచేసే పాత మెకానిక్‌కు చూపించండి. ఇంట్లో చాకుతో మాత్రం మూత తీయకండి.