దీపక్ విమానం లెక్కలు – మనం నేర్చుకోవలసిన పాఠం

సాయంత్రం స్టడీ అవర్‌లో ఆకాశంలో చిన్న విమానం చక్కర్లు కొడుతుంటే పుస్తకం మూసి చూసినవాళ్ళమే మనమంతా. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో క్యాడెట్లు ఓనమాలు దిద్దేది ఇలాంటి విమానాల మీదే. అక్కడ చాలాకాలం వాడిన హెచ్.పి.టి.-32 దీపక్ గురించి తెలుసుకుందాం.

దీన్ని హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ తయారుచేసింది. ఇది మొదటిసారి 1977 జనవరి 6న ఎగిరింది. 260 హార్స్‌పవర్ గల పిస్టన్ ఇంజన్ ఒక్కటే ఉంటుంది. గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చుంటారు. మొత్తం 140కి పైగా విమానాలు తయారయ్యాయి.

ఇక ప్రమాదాల లెక్క. 17 విమానాలు కూలిపోయాయి, 19 మంది పైలట్లు చనిపోయారు. 17ను 140తో భాగిస్తే సుమారు 12 శాతం. అంటే ప్రతి 8 విమానాల్లో ఒకటి! అయితే మిత్రులారా, ఈ శాతం ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. రోజంతా తిరిగే ఆటోను, వారానికోసారి తీసే ఆటోను ఒకే గాట కట్టలేం కదా! అందుకే వైమానిక దళం 10,000 గంటల ప్రయాణానికి ఎన్ని ప్రమాదాలని లెక్కిస్తుంది.

మరి కారణాలేమిటి? గాలిలో ఇంజన్ ఆగిపోవడం ముఖ్యమైనది. ఇంజన్ ఆగాక ఈ విమానం ఎక్కువ దూరం తేలుతూ రాలేదు. పైగా బయటికి విసిరే ఎజెక్షన్ సీట్లు ఇందులో లేవు. 2009 జూలై 31న మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు మరణించాక దీపక్‌లన్నిటినీ నిలిపివేశారు. 2013లో స్విట్జర్లాండ్‌కు చెందిన పిలాటస్ పి.సి.-7 వచ్చింది, 75 కొన్నారు. అయినా 2023 డిసెంబర్ 4న తూప్రాన్ దగ్గర అది కూడా ఒకటి కూలి ఇద్దరు చనిపోయారు. కొత్త యంత్రం వచ్చినంత మాత్రాన జాగ్రత్త తగ్గించకూడదని దీనివల్ల తెలుస్తోంది. మన దేశంలోనే తయారైన హెచ్.టి.టి.-40 2016లో తొలిసారి ఎగిరింది. దానిలో ఎజెక్షన్ సీట్లున్నాయి. 2023లో 70 విమానాలకు ఒప్పందం కుదిరింది.

19 అని నోటుబుక్కులో రాయడం తేలిక. వారంతా ఎవరో కన్న బిడ్డలే. ప్రతి ప్రమాదాన్నీ దాచకుండా రాసిపెట్టి, కారణం వెతికితేనే తర్వాత ఎగిరేవారి ప్రాణం నిలుస్తుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివితే ఎన్.డి.ఎ. ద్వారా పైలట్ కావచ్చు. 2021 నుంచి అమ్మాయిలకూ ఈ పరీక్ష రాసే అవకాశం వచ్చింది. మన హాస్టల్ నుంచి కూడా ఒకరు దుండిగల్ చేరాలని మా కోరిక.