ట్రాక్టరు డ్యాష్‌బోర్డు క్రింద టిక్కుటిక్కు శబ్దము

మాచర్ల, గురజాలల నుండి మిరప టిక్కీలతో రాత్రివేళ గుంటూరు యార్డుకు ట్రాక్టరు తోలు రైతులు ఈ శబ్దమును పెడచెవిని పెట్టరాదు. సిగ్నలు దీపము వేసినప్పుడు డ్యాష్‌బోర్డు క్రింద ఫ్లాషరు నిమిషమునకు 60 నుండి 120 సార్లు టిక్కుమనుట సహజము. ఒక ప్రక్కకు వేసినప్పుడే వేగము హెచ్చినచో, చాలా ట్రాక్టర్లలో, ఆ ప్రక్క బల్బొకటి మాడినదని గుర్తు. బల్బు మంచిదైనచో హోల్డరు తుప్పును, ఎర్తు తీగెను చూడవలెను. ఎలుకలు కొరికిన తీగెలను గూడ చూచితిని. ఫ్లాషరును మార్చుట ఆఖరి పని.

ట్రాలీ దీపముల విషయమున శబ్దమును నమ్మి ఊరకుండక, దిగి కంటితో చూడవలెను. అవి వెలుగనిచో వెనుక వచ్చు లారీకి మన మలుపు తెలియదు.

తాళము త్రిప్పగా టిక్కుమని ఇంజను తిరుగనిచో, ముందు బ్యాటరీ తీగెల బిగువును, టెర్మినళ్ళపై పేరిన తెల్లని పూతను చూడవలెను.