వెలుగు బండ్లకు జంక్షను

ఒకప్పుడు గుంతకల్లు జంక్షనులో మీటరుగేజి, బ్రాడ్‌గేజి పట్టాలు రెండూ కలిసేవి. ఒక గేజి మీద వచ్చిన సరుకును దింపి రెండో గేజి వ్యాగన్లలోకి ఎక్కించవలసి వచ్చేది. బండి ఎంత వేగంగా వస్తేనేం, ఆలస్యమంతా జంక్షనులోనే! గాజు తీగల్లో ప్రయాణించే వార్తలకూ చాలాకాలం ఇదే గతి పట్టింది.

వెంట్రుకంత సన్నని గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 1550 నానోమీటర్ల ప్రాంతపు తరంగదైర్ఘ్యాలైతే దారిలో చాలా తక్కువగా సన్నగిల్లుతాయి. అది కంటికి కనిపించని పరారుణ కాంతి. అయినా సౌకర్యం కోసం ‘రంగులు’ అనే అందాం. రంగుకూ రంగుకూ 0.4 నానోమీటర్ల ఎడం ఉంచితే ఒకే తీగలో 80కి పైగా రంగులు పడతాయి. ఒక్కొక్క రంగు సెకనుకు 100 గిగాబిట్లు, అంటే పదివేల కోట్ల బిట్లు మోయగలదు.

మరి నాలుగు తీగలు కలిసే చోట ఏ రంగు ఎటు పోవాలి? పాత పద్ధతిలో ప్రతి రంగునూ విద్యుత్తుగా మార్చి, దారి చూసి, మళ్ళీ లేజరుతో కాంతిగా మార్చేవారు. రంగుకొక గ్రాహకం, రంగుకొక లేజరు! ఖర్చూ ఎక్కువే, వేడీ ఎక్కువే.

కాంతిని కాంతిగానే ఉంచి, అద్దంతో మలుపు తిప్పితే? 1999లో అమెరికాలోని లూసెంట్ కంపెనీ 256 బుల్లి అద్దాలతో అటువంటి యంత్రాన్ని ప్రకటించింది. ఆ తరువాతి యంత్రాల్లో ముందుగా వివర్తన జాలకం రంగులను విడదీస్తుంది. విడిపోయిన ప్రతి రంగునూ చిన్న అద్దమో, ద్రవస్ఫటికమో కోరిన తీగలోకి వంచుతుంది. అద్దానికి లోపలి వార్తతో పని లేదు. కవరు చింపకుండా ఉత్తరం అందించే తపాలా బంట్రోతు వంటిది.

అయితే ఒక చిక్కుంది. అద్దం దారి మార్చగలదు గాని రంగు మార్చలేదు. ఒకే తీగలో ఒకే రంగు మీద రెండు వార్తలు పోరాదు. క నుంచి చ వరకు ఎరుపు ఒక్కటే ఖాళీ, చ నుంచి ట వరకు నీలం ఒక్కటే ఖాళీ అనుకోండి. రెండు తీగల్లోనూ చోటుంది. అయినా క నుంచి ట కి నేరుగా వార్త పోలేదు! వేరే దారి వెతకాలి, లేదా చ దగ్గర విద్యుత్తుగా మార్చి రంగు మార్చాలి. మళ్ళీ గుంతకల్లే!

పెన్సిలు తీసుకోండి. ఐదు ఊళ్ళను వలయంగా ఐదు తీగలతో కలపండి. ప్రతి ఊరి నుంచీ సవ్యదిశలో, ఒక ఊరు దాటి ఆ పై ఊరికి ఒక వార్త పంపండి. ఏ తీగలోనూ రెండు వార్తలకు మించి ఉండవు. అయినా రెండు రంగులు చాలవు, మూడోది కావాలి. ఎందుకో రంగులు వేసి చూడండి. ఊళ్ళు ఆరైతే ఎన్ని రంగులు కావాలో కూడా చెప్పండి.