అడ్వాన్స్ పుచ్చుకునే ముందు ఒక్క మాట

సంక్రాంతి వెళ్ళిపోయింది. తిరునాళ్ళూ అయిపోయాయి. పెళ్ళి ముహూర్తాలు కూడా ఆగిపోయాయి. ఆషాఢం వచ్చిందంటే స్టేజీని నమ్ముకున్న మనకి గుండెల్లో గుబులే కదూ? ట్రూపు మాస్టారు ఫోనెత్తడు. చీటీ వాయిదా దగ్గరపడుతుంది, పిల్లల బడి ఫీజు నెత్తిమీదుంటుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఏజెంటు ఫోన్ చేసి "బెంగళూరులో ప్రోగ్రాములున్నాయమ్మా, ముంబైలో బార్లు తెరుస్తున్నారు, కావాలంటే దుబాయ్ కూడా చూస్తాను, నువ్వు ఊఁ అను చాలు" అంటాడు. ఊఁ అనాలనిపించదూ మరి? అనిపిస్తుంది. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ ఊఁ అనే ముందు కాసేపు నా పక్కన కూర్చో. టీ చల్లారిపోతుంది, ముందు అది తాగు.

అన్నిటికంటే ముందు ఆ తలదించుకోవడం మానెయ్. జగ్గయ్యపేటలో ఇల్లు అద్దెకి అడిగితే "ఏం పని చేస్తావమ్మా?" అంటారు. రికార్డింగ్ డాన్సు అనగానే మొహం అదోలా పెడతారు. మొన్న రాత్రి స్టేజీ ముందు కూర్చుని మైకులో పేరు చెప్పించుకుని మరీ చదివింపులు ఇచ్చిందెవరో మనకి తెలియదా? ఇదేం ఇవాళ్టి సంగతి కాదు. జమీందారుల కాలంలో పెళ్ళంటే మేజువాణీ ఉండాల్సిందే. పెట్టించినవాళ్ళు పెద్దమనుషులుగానే మిగిలారు, ఆడినవాళ్ళకి మాత్రం పేరు చెడింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చి, గుళ్ళోనూ దేవుడి ఊరేగింపులోనూ ఆడవాళ్ళు నాట్యం చేయకూడదంది. పిల్లల్ని గుడికి అర్పించడం ఆపాలన్న ఉద్దేశం మంచిదే. ఆట మీద బతికే ఆడవాళ్ళ అన్నం సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా పట్టలేదు. ఇప్పుడు చూడు, కోటప్పకొండ శివరాత్రికి విద్యుత్ ప్రభల దగ్గర డాన్సు లేకపోతే ఊరి పరువే పోయినట్టు బాధపడతారు! కాబట్టి మనం చేసేది పని. పనికి లెక్క ఉండాలి, సిగ్గు కాదు.

ఆ లెక్కే చూద్దాం. కాగితం, పెన్సిలు తీసుకో. బెంగళూరులో రాత్రికి 4,000 చొప్పున నాలుగు రాత్రులు అన్నాడనుకో. 16,000 అని మనసు గంతులేస్తుంది. ఏజెంటు నూటికి 20 పట్టుకుంటే 3,200 అక్కడే పోయింది. నందిగామ నుంచి విజయవాడ, అక్కణ్ణుంచి బెంగళూరు, రానూపోనూ ఒక 2,400 వేసుకో. ముందురోజు చేరాలి, అయిన మర్నాడు గానీ బయల్దేరలేం. కాబట్టి ఇంకో అమ్మాయితో పంచుకున్నా గది ఆరు రోజులకి, రోజుకి 800 చొప్పున 4,800. తిండికి 1,800. డ్రస్సు అద్దె, మేకప్పు, పార్లరు కలిపి 1,500. మొత్తం ఖర్చు 13,700. చేతికి మిగిలేది 2,300. అది కూడా ఆరు రోజులకి! సీజన్లో మిర్చి కోతకి వెళ్ళినా ఇంచుమించు అంతే వస్తుంది, పైగా రాత్రి ఇంట్లో పడుకుంటాం.

ఇదంతా నాలుగు రాత్రులూ పని దొరికితేనే సుమా. రెండు రాత్రులు ఎత్తిపోయాయనుకో. వచ్చేది 8,000. అందులో ఏజెంటుకి 1,600. గది, తిండి, బస్సు, డ్రస్సు ఖర్చు ఎక్కడికీ పోదు, 10,500 అలాగే ఉంటుంది. ఆడి వచ్చి మనమే 4,100 ఎదురు బాకీ! ఆ బాకీ తీర్చడానికి ఇంకో నాలుగు రాత్రులు ఉండమంటాడు ఏజెంటు. ఊరుగాని ఊళ్ళో ఇరుక్కుపోయిన అమ్మాయిల్లో చాలామంది కథ ఇలాగే మొదలవుతుంది. బలవంతంగా ఎవరో ఎత్తుకెళ్ళక్కర్లేదు, గది అద్దె బాకీ చాలు.

మరి రాత్రులు ఎందుకు ఎత్తిపోతాయి? ఎందుకంటే అక్కడ మనలాంటివాళ్ళు ఇప్పటికే కిటకిటలాడుతున్నారు. నిర్వాహకుడు మొదట తన ఊళ్ళో ఉన్న అమ్మాయిని పిలుస్తాడు, ఆమెకి గది అద్దె ఇవ్వక్కర్లేదు, బస్సు ఖర్చు లేదు. తర్వాత నిరుడు వచ్చిన అమ్మాయిని. ఇంకా ఖాళీ ఉంటే మనం. జనం పల్చబడ్డ రోజున మొదట ఆగిపోయేదీ మనమే.

ముంబై సంగతి చెప్తాను విను. 2005లో మహారాష్ట్ర ప్రభుత్వం డాన్స్ బార్లు మూయించింది. 75,000 మంది ఆడవాళ్ళ పని పోయిందని అప్పట్లో చెప్పుకున్నారు. మరుసటి ఏడాది హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది, 2013లో సుప్రీంకోర్టూ అదే మాటంది. అయినా సర్కారు మళ్ళీ కొత్త చట్టాలు పట్టుకొచ్చింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు వాటిలో చాలా షరతులు కొట్టేసి, 2005 నుంచి అప్పటిదాకా ఒక్కరికి కూడా లైసెన్సు ఇవ్వలేదేమని నిలదీసింది. ఇప్పుడు నువ్వే ఆలోచించు. ఆడేవాళ్ళు వేలల్లో, ఆడనిచ్చే చోట్లు వేళ్ళమీద. అలాంటి చోటికి మన జగ్గయ్యపేట నుంచి కొత్తగా వెళ్ళి నిలబడితే మనకి మిగిలేదేమిటి? "బార్లు తెరుస్తున్నారు" అని ఏజెంటు అంటే, ఏ బారు, లైసెన్సు ఎవరి పేరుమీద ఉంది, ఆ కాగితం ఫొటో పంపించు అని అడుగు. నిజంగా ఉన్నవాడు పంపిస్తాడు. లేనివాడికి కోపమొస్తుంది. ఆ కోపమే మనకి జవాబు.

ఆ 2019 తీర్పులో మనకి పనికొచ్చే ముక్కలు కూడా ఉన్నాయి. ఆట సాయంత్రం 6 నుంచి రాత్రి 11:30 దాకానే. మీద నోట్లు చల్లకూడదు, ఇష్టమైతే చేతికి ఇవ్వొచ్చు. పనికి రాతకోతలుండాలన్న షరతుని కోర్టు తప్పుపట్టలేదు. ఇదంతా ముంబై బార్లకి చెప్పిందే అనుకో, మన ఊరి స్టేజీకి మనమే ఎందుకు పెట్టుకోకూడదు? నోట్లు చల్లుతుంటే వంగి ఏరుకోవడం నాకు చచ్చినా నచ్చదు. మైకు పట్టుకున్న అన్నయ్యకి ముందే చెప్పి పెట్టు, చదివింపులు ఏవైనా ఆయన చేతికే రావాలని.

సరే, దూరం వెళ్ళొద్దంటే మరి తినేదెట్లా అంటావు. అక్కడికే వస్తున్నా. మన పనిలో మనుషులు ఎక్కువే గానీ, రాత్రులు అన్నీ ఒకచోట కుప్పపడతాయి. ఫిబ్రవరి, మార్చిల్లో పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళు, అటు కోటప్పకొండ, మధ్యలో వత్సవాయి, చందర్లపాడు, వీరులపాడు పల్లెల్లో ఎవరి కొలుపులు వాళ్ళవి. పైగా మిర్చి అమ్మిన డబ్బు చేతిలో ఆడుతున్న రోజులు. ఆ రాత్రుల్లో కమిటీవాళ్ళే ట్రూపుల కోసం పరుగులు పెడతారు. అప్పుడు మనం హైదరాబాద్‌లో ఏదో పబ్బు బయట పిలుపు కోసం కూర్చుంటే ఎలా చెప్పు? సీజన్లో ఊరు కదలకు. రేటు పెంచుకోవాల్సిందీ అప్పుడే. మొహమాటపడకు, సౌండువాడు పెంచట్లేదా, జనరేటరువాడు పెంచట్లేదా?

దగ్గర ప్రోగ్రాములకి ఇంకో సుఖం కూడా ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకంలో మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టుకి డబ్బులివ్వక్కర్లేదు. నందిగామ, తిరువూరు, విజయవాడ ఎక్కడికైనా ఆధార్ చూపించి వెళ్ళిపోవచ్చు. గరికపాడు దాటి కోదాడ వెళ్ళే బస్సుకి మాత్రం డబ్బులివ్వాలి. కానీ ఆట ముగిసే వేళకి పల్లెటూళ్ళో బస్సెక్కడిది? అందుకని వెళ్ళేటప్పుడు మన బస్సు, వచ్చేటప్పుడు కమిటీ బండి. ఈ మాట బేరంలోనే తేలిపోవాలి. "ఎవరో ఒకరు దింపుతార్లే" అనే మాట మనకొద్దు.

బేరంలో ఇంకో రెండు అడుగు. బట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడల గది, గడియతో సహా. ట్రాలీకి చీర కట్టి అదే గది అంటే ఒప్పుకోవద్దు. స్టేజీని ముందు వెలుతుర్లో చూడాలి. ట్రాక్టరు ట్రక్కు మీద పరిచిన చెక్కల మధ్య రెండు వేళ్ళ సందు ఉంటుంది, పైన కార్పెట్ వేస్తే కనపడదు. హీలు అందులో దిగబడితే చీలమండ మెలిపడి రెండు నెలలు మంచం. సాయంత్రమే ఎక్కి, చెప్పులు విప్పి, కాలితో తడిమి చూసుకో. సందున్నచోట సుద్దముక్కతో గీత పెట్టించు, లేదా ఆ పక్కకి పోకుండా పాటని ఇటు తిప్పుకో.

ఇక పోటీ. మన ఊళ్ళల్లో నలభైమంది ఒకే ఐటం పాటకి ఒకేలా నడుం తిప్పుతుంటే, కమిటీవాడు తక్కువకి వచ్చేవాళ్ళనే తీసుకుంటాడు, వాణ్ణనేం లాభం? ఏలూరు దగ్గర కొవ్వలి నుంచి మద్రాసు వెళ్ళిన విజయలక్ష్మి గుర్తుందా? ఆ అమ్మాయి వెళ్ళేసరికి జ్యోతిలక్ష్మి, జయమాలిని అక్కచెల్లెళ్ళు తెరని ఏలుతున్నారు. అయినా 1980లో ఒక తమిళ సినిమాలో వేసిన పాత్ర పేరుతో సిల్క్ అయింది, దక్షిణాదంతా పేరు మోగింది. నన్నడిగితే ఆమె కళ్ళతో ఆడింది, మిగతావాళ్ళు ఒంటితో ఆడినచోట. మనం సిల్క్ స్మితలం కానక్కర్లేదు. పాత సావిత్రి పాటలకి ఒక పావుగంట, జానపదానికి ఒకటి, పెళ్ళి సంగీత్‌లో చుట్టాలకి స్టెప్పులు నేర్పే ఓపిక. ఇవుంటే ఆషాఢం దాటగానే శ్రావణం పెళ్ళిళ్ళకి ముందు పిలుపు నీకే. ఆ ఖాళీ నెల నేర్చుకోవడానికి పెట్టు.

ఇంత చెప్పినా వెళ్ళాల్సిన అవసరం పడుతుంది ఒక్కోసారి. నాకు తెలుసు. అప్పుడు సగం డబ్బు బస్సెక్కకముందే మన ఖాతాలో పడాలి. ఎన్ని రాత్రులు, రాత్రికి ఎంత, పని రద్దయితే ఎంత ఇస్తారు, గది ఎవరిది అన్నీ వాట్సాప్‌లో రాయించుకో. నోటిమాట మైకు మాటలాంటిది, కరెంటు పోతే వినపడదు. తిరుగు ఛార్జీ విడిగా, ఎవరికీ చెప్పకుండా దాచుకో. ఆధార్ ఎవరి చేతికీ ఇవ్వకు, కావాలంటే జిరాక్సు ఇవ్వు. ఇంట్లో ఒక్కరికైనా ఏ ఊరు, ఏ హోటలు, ఎవరి వెంట అన్నది నిజం చెప్పి వెళ్ళు. అమ్మకి చెప్పలేకపోతే నమ్మకమున్న చెల్లికి చెప్పు. "క్యాటరింగ్ పనికి" అని అబద్ధం చెప్పి వెళ్తే, రేపు మనం కనపడకపోతే వాళ్ళు ఎక్కడ వెతుకుతారు పాపం?

దుబాయ్ మాటెత్తితే మాత్రం నేను కొంచెం గట్టిగానే అంటాను. విజిట్ వీసా మీద పని అనగానే ఫోన్ పెట్టెయ్. 2019లో కోయంబత్తూరు అమ్మాయిలు నలుగురు ఈవెంట్ ఉద్యోగమని నమ్మి వెళ్తే డాన్స్ బారులో పెట్టారు. మన కాన్సులేటు జోక్యం చేసుకుని బయటికి తెచ్చింది. ఏజెంటుకి ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో కనపడుతుంది. చూడ్డం రాకపోతే చదువుకునే పిల్లల్నెవరినైనా అడుగు, రెండు నిమిషాల పని. ఇప్పటికే అక్కడున్న మన అమ్మాయిలెవరైనా ఉంటే వాళ్ళకి దుబాయ్ కాన్సులేటు సహాయ కేంద్రం నంబరు 800 46342 పంపించు.

పోలీసుల భయం కూడా మనకుందిగా. బహిరంగంగా అశ్లీలం అని కేసు పెడితే భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షను, మూడు నెలల దాకా జైలో, వెయ్యి దాకా జరిమానానో, రెండూనో. కమిటీవాడు సందు చూసుకుని జారుకుంటాడు, స్టేజీ మీద మొహం మనది. కాబట్టి పర్మిషన్ కాగితం చూడకుండా గజ్జె కట్టకు, ఏం పాటలో, ఏం డ్రస్సో మనమే తేల్చుకోవాలి, కింద నుంచి అరిచేవాడు కాదు. సూర్యాస్తమయం తర్వాత తెల్లారేలోపు ఆడవాళ్ళని అరెస్టు చేయాలంటే అసాధారణ కారణం ఉండాలి, మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి ఉండాలి. ఈ మాట గట్టిగా అరవక్కర్లేదు, మెల్లగా అన్నా చాలు. మనకే అన్యాయం జరిగితే అది ఏ ఊళ్ళో జరిగినా నందిగామ స్టేషన్‌కి వచ్చి జీరో ఎఫ్‌ఐఆర్ రాయించొచ్చు. సాయానికి పిలిచే నంబర్లు 112, 181 రెండూ ఫోన్లో వేసుకున్నావా? వెయ్యి, నేను చూస్తున్నా.

చివరిగా ఒంటి సంగతి. మోకాళ్ళు ముప్పై దాటగానే మాట్లాడతాయి, మన పనికి పింఛనూ లేదు, సెలవూ లేదు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా ఉంది, సురక్షా బీమా యోజన అంటారు, 2 లక్షల దాకా వస్తుంది. 16 నుంచి 59 ఏళ్ళ లోపు వాళ్ళకి ఈ-శ్రమ్ కార్డు కూడా ఇస్తారు, అసంఘటిత కార్మికులమే కదా మనం. వృత్తి ఏమిటని అడిగితే కళాకారిణి అని చెప్పు, నసగకు. కార్డు తీసే సెంటర్‌కి ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకెళ్ళు. ఆధార్‌కి ఫోన్ లింకు లేకపోయినా సెంటర్లో వేలిముద్రతో అవుతుంది, అందుకని వెళ్ళే ముందు మెహందీ పెట్టుకోకు, మెషీను పట్టక మళ్ళీ తిప్పుతారు.